విన్న పాఠము, వ్రాసికొన్న పాఠము

నోట వెలువడిన మాట ఆ క్షణముననే గాలిలో కలిసిపోవును. బళ్లారిలో న్యాయవాదిగా నుండి మహానటుడుగా కీర్తిగాంచిన బళ్లారి రాఘవగారు (1880–1946) రంగస్థలముపై పలికిన పలుకులు ఆ రాత్రి నాటకశాలలో కూర్చున్నవారికే దక్కెను. 1939లో వెలువడిన ‘రైతుబిడ్డ’ మున్నగు చలనచిత్రములలో ఆయన నటించియుండుటచే నాటకము చూడనివారికిని ఆయన కంఠము వినబడినది. తరగతిలో ఉపాధ్యాయుడు చెప్పు పాఠము సంగతియు నిట్టిదే. పట్టి యుంచినగాని అది నిలువదు.

2020 మార్చిలో కరోనా వ్యాధి కారణమున బడులు మూతపడగా పాఠములు ఫోనులోనికి వచ్చెను. ఆ సంవత్సరమే ఆంధ్రప్రదేశ ప్రభుత్వము దూరదర్శన్ సప్తగిరి ద్వారమునను, తెలంగాణ ప్రభుత్వము యాదగిరి, టీ-శాట్ ద్వారమునను తెలుగు పాఠములను ప్రసారము చేసెను. బడులు మరల తెరచినను ఫోనులో పాఠము వినుట నిలిచిపోలేదు.

ఈ సౌకర్యము మన పిల్లలకు మరింత అవసరము. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకును, బళ్లారి మైసూరు రాష్ట్రమునకును చేరెను. నాటినుండి ఇచ్చటి తెలుగు బాలుడు కన్నడనాట తెలుగున చదువుకొనుచున్నాడు. సందేహము కలిగి పొరుగింట నడుగబోయిన, అచ్చటి పిల్లలు కన్నడమునందో ఆంగ్లమునందో చదువువారై యుందురు. కావున తెలుగున వినిన వివరణ యొక్కటియు వృథా కారాదు.

మరియొక చిక్కు గలదు. అనేక గృహములలో మంచి ఫోను ఒక్కటే యుండును. ఉదయమున తండ్రి దానిని పనికి తీసికొనిపోవును; పాఠము పగటివేళ జరుగును; ఫోను రాత్రికిగాని ఇల్లు చేరదు. ఉపాధ్యాయుని అనుమతితో పాఠమును ధ్వనిముద్రణ చేసి పంపినచో ఆ పిల్లవాడు రాత్రి తీరికగా వినగలడు.

ఇందులకు ఖరీదైన సాధనము లక్కరలేదు. చాల ఫోనులలో వాయిస్ రికార్డరు ముందే యుండును. కంప్యూటరున్నచో ‘ఆడాసిటీ’ యను ఉచిత సాఫ్ట్‌వేరు చాలును. మాటను మాత్రమే ముద్రించుట పొదుపు. సెకనుకు 64 కిలోబిట్ల చొప్పున ముద్రించినచో నిమిషమునకు సుమారు అర మెగాబైటు, నలువది నిమిషముల పాఠమునకు దాదాపు 19 మెగాబైట్లు పట్టును. అదే పాఠము సెకనుకు ఒక మెగాబిట్టు చొప్పున వీడియోగా దింపినచో 300 మెగాబైట్లగును. పటము, లెక్క యున్నచోట నల్లబల్లను ఫోటో తీసి జతపరచిన చాలును. ప్రతి ముద్రణకును తేది, విషయము, పాఠము పేరు పెట్టవలెను; లేనిచో పరీక్షల ముందు వెదకుకొనుటతోనే కాలము గడచును.

అయితే విద్యార్థులారా, ఒక్క మాట మరువకుడు. పాఠము ఫోనులో నుండుట వేరు, బుద్ధిలో నుండుట వేరు. ముద్రణ యున్నదికదా యని పుస్తకము మూసినవాడు గింజలు గాదెలో పోసి ఆకలితో పరుండిన వానివంటివాడు. రికార్డు వినునపుడు నడుమ నడుమ ఆపి, విన్నదానిని సొంత మాటలలో వ్రాయవలెను. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు వాల్టర్ పౌక్ 1950 ప్రాంతములలో ప్రచారము చేసిన పద్ధతి యొకటి సులభమైనది. పుటను నిలువుగా చీల్చి, కుడివైపు వెడల్పు భాగమున ముఖ్యాంశములు, ఎడమవైపు సన్నని భాగమున వానిపై ప్రశ్నలు, అడుగున రెండు మూడు వాక్యములలో సారాంశము వ్రాయవలెను. తరువాత కుడిభాగమును కప్పి, ప్రశ్నలకు నోటితో జవాబు చెప్పవలెను. అర్థముకాని చోట రికార్డులోని నిమిషమును ప్రక్కన గుర్తించినచో మరల ఆ భాగము మాత్రమే వినవచ్చును.

ఫోనులో వ్రాయుటకు ‘గూగుల్ కీప్’ వంటి యాపులు గలవు. 2017 నుండి గూగుల్ కీబోర్డు తెలుగు మాటను విని అక్షరములుగా మార్చుచున్నది. కాని భాషను ‘తెలుగు’ అని నిర్ణయింపవలెను. కన్నడమున నుంచినచో మన మాటను కన్నడమనుకొని తప్పులతో కన్నడలిపిలో వ్రాయును. తెలుగున నుంచినను శాస్త్రపదములను, సంఖ్యలను పాఠ్యపుస్తకముతో సరిచూడవలెను.

పొరుగు రాష్ట్రమున శిక్షణ పొంది వచ్చిన నాకు ఇచ్చట తెలిసిన సంగతి యొకటి: ఒకే మాట రెండు భాషలలో వేరు దారులు త్రొక్కును. మన జీవశాస్త్రమున ‘కణము’ దేహనిర్మాణమునకు మూలము. కన్నడమున దానిని ‘జీవకోశ’ యందురు, ‘కణ’ యనిన సూక్ష్మరేణువు. మన ‘కిరణజన్య సంయోగక్రియ’ వారికి ‘ద్యుతిసంశ్లేషణె’, ఆంగ్లమున ‘ఫోటోసింథసిస్’. కావున నోట్సు చివర మూడు గడులు గీసి మూడు భాషల పదములను వ్రాసికొనుడు. పదవ తరగతి తరువాత పై చదువులలో అవియే మీకు వంతెన యగును.

అనుమతి లేక ఎవరి మాటను ముద్రింపరాదు. తరగతిలోని పిల్లల కంఠములను బయటివారికి పంపరాదు.

తల్లిదండ్రులకు నా మనవి: రాత్రి ఒక అరగంట ఫోనును పాఠమునకు విడువుడు. పిమ్మట దానిని ప్రక్కనబెట్టి, “ఏమి వింటివో చెప్పుము” అని బిడ్డ నడుగుడు. మీకు ఆ శాస్త్రము తెలియనక్కరలేదు. బిడ్డ మీకు అర్థమగునట్లు తెలుగున చెప్పగలిగెనా, ఆ పాఠము నిలిచినట్లే.