విరుపు మారితే తొడ పట్టేస్తుంది!

'డైక్రంప్'. డచ్ భాషలో ఈ ఒక్క మాటకి రెండు అర్థాలు చెప్పొచ్చు. 'డైక్-రంప్' అని విరిస్తే కరకట్ట తెగి వచ్చే విపత్తు. 'డై-క్రంప్' అని విరిస్తే తొడ కండరం పట్టేయడం! 1953లో సముద్రం కరకట్టలు తెంచుకొచ్చి 1,836 మందిని పొట్టన పెట్టుకున్న దేశం నెదర్లాండ్స్. అలాంటిచోట ఈ తేడా చిన్నదేం కాదు కదా!

చిక్కెక్కడంటే, డచ్ వాళ్లు మన సమాసాల్లాగే మాటకి మాట అతికించేస్తారు. మధ్యలో ఖాళీ వదలరు. ఆసుపత్రి 'జీకెన్‌హౌస్', అంటే రోగుల ఇల్లు. గ్లౌజు 'హాండ్‌స్ఖూన్', అంటే చేతి బూటు! ఇలాంటి వాటిలో మామూలుగా మొదటి మాటనే నొక్కి పలుకుతారు. టౌన్‌హాల్‌కి వాడే 'స్టాట్‌హౌస్' లాంటి కొన్నింటిలో మాత్రం నొక్కు చివరికి పోతుంది.

ఒకే స్పెల్లింగ్ ఉన్న ఇంకో మాట చూడండి. 'మసాజె-బెడ్' అని 'సా'ని నొక్కితే మసాజ్ బల్ల. మొదటి 'మ'ని నొక్కి 'మస-ఖెబెట్' అంటే సామూహిక ప్రార్థన!

అన్నిటికన్నా ప్రమాదం 'వోర్‌కోమెన్'. 'వోర్'ని నొక్కితే జరగడం. 'కో'ని నొక్కితే జరగకుండా ఆపడం. పూర్తిగా తలకిందులు! తెలుగులో నొక్కు మారినంత మాత్రాన అర్థం ఇలా తిరగబడదు కాబట్టి మనకి ఆ అలవాటుండదు. నేనూ ఓ మీటింగులో 'తప్పులు రాకుండా చూస్తా' అనబోయి నొక్కు తప్పాను. ఒక్క క్షణం నిశ్శబ్దం, తర్వాత అందరూ నవ్వులు!

ఆ రోజు ఓ సహోద్యోగి చెప్పిన కిటుకు ఇప్పటికీ పనికొస్తోంది. 'వోర్' మీద నొక్కు పడే క్రియ వాక్యంలో రెండుగా విడిపోతుంది: 'కోమ్ట్' ముందొస్తుంది, 'వోర్' చివరికి పోతుంది. ఆపడం అనే అర్థంలో అయితే 'వోర్‌కోమ్ట్' అతుక్కునే ఉంటుంది.

కంప్యూటర్‌కీ ఈ తిప్పలు తప్పవు. లైను చివర మాటని ఎక్కడ విరవాలో అక్షరాల వరసని బట్టి తేల్చే పద్ధతిని ఫ్రాంక్ లియాంగ్ 1983లో స్టాన్‌ఫర్డ్ పీహెచ్‌డీ థీసిస్‌లో వివరించాడు. కానీ 'డైక్రంప్' ఏ అర్థంలో వచ్చినా అక్షరాలు అవే. కరకట్టో, తొడో దానికేం తెలుస్తుంది?

అందుకే తికమక ఉన్నచోట డచ్ వాళ్లు నొక్కాల్సిన అచ్చు మీద చిన్న గీత పెడతారు. మీరూ డచ్ నేర్చుకుంటుంటే నోట్‌బుక్‌లో ప్రతి కొత్త మాటకీ ఆ గీత పెట్టుకోండి. అర్థం ఒక్కటే రాసుకుంటే సరిపోదు!