కలివికోడి నేల బంజరు కాదు

కడప జిల్లా లంకమల కొండల పాదాన ఎర్రమట్టి, గులకరాళ్లు, అక్కడక్కడా తుమ్మ, రేగు, కలివి పొదలు. రోడ్డున పోయేవాళ్లకు అది ఎందుకూ కొరగాని నేల. ప్రపంచంలోని అత్యంత అరుదైన పక్షుల్లో ఒకటైన కలివికోడికి మాత్రం అదే ఇల్లు.

అపోహ: ఏళ్ల తరబడి కనబడకపోతే ఆ జాతి అంతరించినట్టే.

కలివికోడి విషయంలో అందరూ అలాగే అనుకున్నారు. 1848లో థామస్ జెర్డాన్ అనే సైనిక వైద్యుడి ద్వారా శాస్త్రజ్ఞులకు తెలిసిన ఈ పిట్ట, 1900 తర్వాత జాడ లేకుండా పోయింది. అసలు సంగతేమిటంటే అది రాత్రిపూట తిరిగే పక్షి. వెతికినవాళ్లు పగలు వెతికారు. చివరికి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు పక్షి బొమ్మ పట్టుకుని పల్లెల్లో వాకబు చేశారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర పిట్టల్ని పట్టే స్థానికుడొకరు చీకట్లో దాన్ని ప్రాణాలతో పట్టి తెచ్చాడు. ఆ పిట్ట ఎక్కువ కాలం బతకలేదు గానీ, జాతి బతికే ఉందని తేలింది. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది ఆ తర్వాతే. అడవిని రోజూ తొక్కేవాళ్లను అడగకుండా ఏ సర్వే అయినా ఎలా పూర్తవుతుంది?

అపోహ: ఖాళీ నేల కనబడితే మొక్కలు నాటాలి, ప్రకృతికి అంతకన్నా మేలు లేదు.

మంచి మనసుతో చేసే హాని ఇది. కలివికోడి నేల మీద పరుగెత్తుతూ చెదలు, చీమల వంటి పురుగుల్ని ఏరుకుని తింటుంది. దాక్కోవడానికి పొద కావాలి, పరుగెత్తడానికి పొదకూ పొదకూ మధ్య జాగా కావాలి. హెక్టారుకు సుమారు 300 నుంచి 700 పెద్ద పొదలున్న చోట్లనే ఇది ఎక్కువగా తిరుగుతుందని పరిశోధకులు లెక్కగట్టారు. ఆ జాగాలో వరసగా చెట్లు నాటితే ఇల్లు పోయినట్టే. గడ్డిమైదానాల్లో బతికే బట్టమేకపిట్టదీ ఇదే అవస్థ: దానికి కావలసింది గడ్డి, నీడ కాదు.

అపోహ: పశువులు మేసే చోట వన్యప్రాణి బతకదు.

మితిమీరి మేపినా, వంటచెరకు కోసం పొదలన్నీ నరికినా నష్టమే. కానీ మేత పూర్తిగా ఆగిపోతే పొదలు అల్లుకుపోయి నేల మూసుకుపోతుంది. కొద్దిపాటి మేత ఈ పిట్టకు చోటు చేసిపెడుతుంది. అందుకే కాపరులను తరిమేయడం పరిష్కారం కాదు, వాళ్లతో మాట్లాడి మేపు హద్దులు తేల్చుకోవాలి.

అపోహ: ఒక పిట్ట కోసం అభివృద్ధి ఆగిపోతుంది.

తెలుగుగంగ కాలువ తవ్వకం ఈ పిట్ట ఆవాసంలోకి వచ్చినప్పుడు పక్షి నిపుణులు అభ్యంతరం చెప్పారు. కాలువ ఆగలేదు, దారి మార్చుకుంది.

నేటికీ కలివికోడిని వెతకడమంటే ఓపికతో కూడిన పని. పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, తెల్లారాక కాలిగుర్తులు చూస్తారు. కెమెరా ట్రాప్‌లు అమర్చుతారు. పొద్దుగూకాక అది కూసేది కొద్ది నిమిషాలే. ఆ వేళకు పొదల పక్కన నిలబడి, రికార్డు చేసిన కూత ఒకసారి వినిపించి, బదులు కోసం చెవులు రిక్కిస్తారు.