రెండున్నర వేలల్లో మెకానికల్ కీబోర్డు... చప్పుడు మాత్రం రాకూడదు!

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ చుట్టాలు నన్ను అడిగే ప్రశ్నలు రెండే. మొదటిది, ఏ లాప్‌టాప్ కొనాలి? రెండోది ఈమధ్య బాగా పెరిగింది. తక్కువ ధరలో మంచి గేమింగ్ కీబోర్డు వస్తుందా? 

ఈసారి అడిగింది మా పిన్ని కొడుకు. ఇంజినీరింగ్ రెండో ఏడు. వాళ్ళ కాలేజీ ఫెస్టులో జరిగే వాలరెంట్ పోటీకి ఐదుగురి జట్టులో వాడికి చోటు దొరికింది. పోటీకి మూడు వారాల టైముంది. చేతిలో ఉన్నది 2,500 రూపాయలు. పక్కింటి పిల్లలకి ట్యూషన్ చెప్పి దాచుకున్న సొమ్ము. ‘ఇంట్లో ఒక్క రూపాయి అడగను అన్నయ్యా’ అన్నాడు. దానికి తోడు ఇంకో చిక్కుంది. గాజువాకలో వాళ్ళది రెండు గదుల ఇల్లు. బాబాయిది స్టీల్ ప్లాంట్‌లో షిఫ్ట్ డ్యూటీ. నైట్ షిఫ్ట్ చేసి వచ్చిన రోజున పగలంతా పడుకోవాలి. వీడు ఆడేది కూడా అప్పుడే. అంటే ధర తక్కువుండాలి, పని గట్టిగా చెయ్యాలి, చప్పుడు చెయ్యకూడదు. ఈ మూడూ ఒకేచోట దొరకడం అంత తేలిక కాదు. అందుకే వెతకడం మొదలుపెట్టాను. 

అసలు తేడా ఎక్కడుంది?

మన ఇళ్ళల్లో, ఆఫీసుల్లో కనిపించే 400, 500 రూపాయల కీబోర్డుల్ని మెంబ్రేన్ కీబోర్డులంటారు. పైన రబ్బరు బుడిపెలు, కింద సర్క్యూట్ ముద్రించిన ప్లాస్టిక్ పొరలు. కీ నొక్కితే బుడిపె అణిగి, కింది పొరల్ని తాకిస్తుంది. రబ్బరు పాతబడే కొద్దీ కొన్ని కీలు బిరుసెక్కుతాయి, కొన్ని మెత్తబడిపోతాయి.

మెకానికల్ కీబోర్డులో అలా కాదు. ప్రతి కీ కిందా విడిగా ఒక స్విచ్. అందులో ఒక స్ప్రింగు, రెండు లోహపు రేకులు. మామూలు స్విచ్‌లో కీ మొత్తం 4 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. అందులో సగం, అంటే సుమారు 2 మిల్లీమీటర్లు దిగేసరికే అక్షరం నమోదైపోతుంది. అడుగు దాకా నొక్కక్కర్లేదు. వేలు ఎత్తగానే స్ప్రింగు కీని పైకి తోసేస్తుంది. ఆటలో పక్కకి జరిగి, ఠక్కున ఆగి, మళ్ళీ జరగాలంటే అదే కావాలి.

ఇవి ఒకప్పుడు ఖరీదైన సరుకు. జర్మనీకి చెందిన చెర్రీ కంపెనీ 1980ల్లో ‘ఎంఎక్స్’ అనే స్విచ్ తెచ్చింది. దాని పేటెంట్ గడువు తీరిపోయాక చైనాలో కైల్, గేటెరాన్, ఔటెము లాంటి కంపెనీలు అదే నమూనాలో చవకగా తయారుచేయడం మొదలుపెట్టాయి. ఈరోజు రెండు వేల రూపాయలకి మెకానికల్ కీబోర్డు దొరుకుతోందంటే కారణం అదే. 

పాత కీబోర్డు ఎందుకు మొండికేస్తోంది?

‘డబ్ల్యూ, డీ నొక్కి పట్టుకుని స్పేస్ బార్ కొడితే ఎగరట్లేదన్నయ్యా. ఆలోగా చంపేస్తన్నారు’ అన్నాడు మావాడు. వాడి వేళ్ళ తప్పేమీ లేదు. కీబోర్డు లోపలి వైరింగే అంత. 

నూట నాలుగు కీలకి నూట నాలుగు తీగలు లాగలేరు కదా! అందుకే ఎంవీపీ కాలనీ వీధుల్లా నిలువు గీతలు, అడ్డ గీతలు వేసి, అవి కలిసే ప్రతి జంక్షన్‌లో ఒక కీ పెడతారు. ఒక చతురస్రానికి మూడు మూలల్లో ఉన్న కీలు ఒకేసారి నొక్కితే, కరెంటు చుట్టూ తిరిగొచ్చి నాలుగో మూల కీ కూడా నొక్కినట్టే కనిపిస్తుంది. దీన్ని ‘గోస్టింగ్’ అంటారు. ఈ గొడవెందుకని చవక కీబోర్డులు మూడో కీని పట్టించుకోవడమే మానేస్తాయి. వాడు ఎగరలేకపోవడం అందుకే. 

మంచి కీబోర్డులో ప్రతి కీకి ఒక డయోడ్ పెడతారు. వన్‌వే బోర్డులాంటిదన్నమాట. కరెంటు వెనక్కి తిరగలేదు కాబట్టి ఎన్ని కీలు నొక్కినా వేటికవే నమోదవుతాయి. పెట్టె మీద ‘ఎన్ కీ రోలోవర్’ అని రాసి ఉంటే అర్థం ఇదే. ‘సిక్స్ కీ రోలోవర్’ అన్నా ఫర్వాలేదు. కుడిచెయ్యి మౌస్ మీద ఉంటుంది, ఎడమ చేతికి ఉన్నవి అయిదు వేళ్ళేగా! 

మీ కీబోర్డు సంగతి ఇప్పుడే తెలుసుకోవచ్చు. నోట్‌ప్యాడ్ తెరిచి, రెండు షిఫ్ట్ కీలూ నొక్కి పట్టుకుని, ఇంగ్లీషు అక్షరాలు ఏ నుంచి జెడ్ వరకూ కొట్టండి. ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకుంటే తేలిక. మధ్యలో కొన్ని అక్షరాలు ఎగిరిపోతే విషయం అర్థమైనట్టే.

నీలం, ఎరుపు, గోధుమ

స్విచ్‌ల్ని రంగులతో పిలుస్తారు. బ్లూ స్విచ్ నొక్కినప్పుడల్లా ‘క్లిక్’మని గట్టిగా మోగుతుంది, వేలికీ తెలుస్తుంది. బ్రౌన్‌లో ఆ మోత ఉండదు, మధ్యలో చిన్న గతుకు మాత్రం తగులుతుంది. రెడ్‌లో గతుకూ లేదు, క్లిక్కూ లేదు. నున్నగా దిగిపోతుంది. చెర్రీ లెక్క ప్రకారం రెడ్ నొక్కడానికి 45 గ్రాముల బలం చాలు, బ్లూకి సుమారు 60 కావాలి. తేడా చిన్నదే అనిపిస్తుంది గానీ రెండు గంటలు ఆడాక వేళ్ళకి తెలుస్తుంది.

యూట్యూబులో బ్లూ చప్పుడు విని ముచ్చటపడి కొనేవాళ్ళు చాలామంది. ఇంట్లో మరొకరు పడుకుని ఉంటే అది రెండో రోజుకే అటకెక్కుతుంది. మా ఆఫీసులో ఒకాయన బ్లూ తెచ్చి వారం తిరక్కుండా ఇంటికి పట్టుకుపోయాడు. మావాడికి రెడ్ తప్ప దారి లేదు. 

బ్లూ మోత మనకి కొత్తేం కాదు. డీటీపీ సెంటర్లో శుభలేఖ వేయించుకున్నవాళ్ళు, బ్యాంకు కౌంటర్ ముందు నిలబడ్డవాళ్ళు ‘టక్ టక్ టక్’ అనే ఆ చప్పుడు వినే ఉంటారు. అది టీవీఎస్ గోల్డ్ కీబోర్డు. గేమింగ్ అనే మాట మన ఊళ్ళల్లో వినపడక ముందే మన టైపిస్టుల చేతిలో ఉన్న మెకానికల్ కీబోర్డు అది. చాలా ఏళ్ళు చెర్రీ బ్లూ స్విచ్‌లతోనే వచ్చింది. రోజంతా తెలుగు కొట్టే ఆపరేటర్లు దాన్ని వదలరు. కీ మీద అక్షరాలు అరిగిపోయినా స్విచ్ మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. రోజంతా టైపింగే మీ పనైతే ఇప్పటికీ అది మంచి బేరమే. ఆటకి మాత్రం బరువైన బ్లూ కంటే రెడ్ నయం.

ద్వారకానగర్‌లో ఒక సాయంత్రం

ఆన్‌లైన్‌లో చూస్తే పేర్లకి లోటు లేదు. రెడ్రాగన్, ఆలా లాంటి చైనా కంపెనీలు. కాస్మిక్ బైట్, యాంట్ ఈస్పోర్ట్స్, క్రియో లాంటి మన దేశపు కంపెనీలు. 2020లో అలీ ఎక్స్‌ప్రెస్ యాప్‌ని మన ప్రభుత్వం నిషేధించాక చైనా నుంచి నేరుగా చవకగా తెప్పించుకునే ఆ దారి మూసుకుపోయింది. మెక్‌కీస్ లాంటి మన దేశపు ఆన్‌లైన్ దుకాణాల్లో విడి స్విచ్‌లు, కీక్యాప్‌లు దొరుకుతాయి. అయితే వేలితో నొక్కి చూడకుండా కీబోర్డు కొనడం, కాలు పెట్టి చూడకుండా చెప్పులు కొనడంలాంటిదే. అందుకే ఇద్దరం ద్వారకానగర్ వెళ్ళాం.

మొదటి దుకాణంలో 900 రూపాయలకే రంగు రంగుల లైట్లున్న కీబోర్డు చూపించాడు. ‘మెకానికలే సార్, చూడండి’ అన్నాడు. పెట్టె మీద ‘మెకానికల్ ఫీల్’ అని ఉంది. ఈ ‘ఫీల్’ అన్న మాట దగ్గర ఆగండి. ‘సెమీ మెకానికల్’ అన్నా అంతే. నేను ఒక కీక్యాప్ పీకి చూపించమన్నాను. లోపల కూడిక గుర్తు ఆకారంలో రంగు కాడ ఉన్న డబ్బాలాంటి స్విచ్ కనిపిస్తే మామూలుగా అది మెకానికల్. ప్లాస్టిక్ గొట్టం, దాని కింద రబ్బరు బుడిపె కనిపిస్తే మెంబ్రేనే. ఇక్కడ కనిపించింది రబ్బరే. లైట్లు చూసి మురిసిపోతే 900 పోయినట్టే. 

మరో రెండు షాపులు తిరిగాక తేలిన లెక్క ఇది. వెయ్యి లోపు అసలైన మెకానికల్ ఆశించకండి. 1,500 నుంచి 2,500 మధ్య ఔటెము తరహా స్విచ్‌లతో వైరున్నవి దొరుకుతాయి. 3,000 దాటితే వైర్‌లెస్, మెరుగైన కీక్యాప్‌లు, లోపల చప్పుడు మింగే ఫోమ్ కలుస్తాయి. గేమింగ్‌కి వైరే మేలు. ఛార్జింగ్ బెంగ ఉండదు, ధరా తగ్గుతుంది.

తర్వాత సైజు. 104 కీలది పూర్తి కీబోర్డు, ట్యాలీ చేసేవాళ్ళకి నంబర్ ప్యాడ్ కావాలి కాబట్టి అదే ఉండాలి. 87 కీలదానికి నంబర్ ప్యాడ్ ఉండదు, మౌస్ తిప్పుకోవడానికి చోటు మిగులుతుంది. 61 కీలది ముద్దుగా ఉంటుంది గానీ యారో కీలు, ఎఫ్1 నుంచి ఎఫ్12 దాకా కీలు విడిగా ఉండవు. ఆట ఒక్కటే అయితే సరే, ప్రోగ్రాములు రాసుకునే ఇంజినీరింగ్ పిల్లాడికి విసుగు. మావాడికి 87 అనుకున్నాం.

చివరికి రెడ్ స్విచ్‌లు, 87 కీలు, వైరు, స్విచ్ పీకి మార్చుకునే ‘హాట్ స్వాప్’ సదుపాయం ఉన్నది 2,300కి కుదిరింది. పేరు చెప్పడం లేదు. ఈ మోడళ్ళు తరచూ మారిపోతుంటాయి. గుణాలు గుర్తుపెట్టుకుంటే ఏ పేరైనా ఫర్వాలేదు. జీఎస్టీ బిల్లు మాత్రం అడిగి తీసుకున్నాం. ‘బిల్లు లేకుండా అయితే ఇంకొంచెం తగ్గిస్తా’ అన్నాడు షాపాయన. బిల్లు లేకపోతే వారంటీ అడగడానికి మన దగ్గర ఆధారం ఉండదు. ఆ బేరానికి పోకండి. 

మిగిలిన 200తో ఒక పొడుగాటి మౌస్ ప్యాడ్ కొన్నాం. రెడ్ స్విచ్ క్లిక్‌మనకపోయినా, కీ అడుగుకి తగిలినప్పుడు టేబుల్ మోగుతుంది. కీబోర్డు కింద మెత్తటిది పరిస్తే ఆ మోత సగం చచ్చిపోతుంది. పాత దుప్పటి మడత పెట్టినా సరే. 

వేటికి డబ్బు పెట్టక్కర్లేదు?

‘8,000 హెర్ట్జ్’ అని పెద్ద అక్షరాలతో రాస్తారు. కీబోర్డు సెకనుకి ఎన్నిసార్లు కంప్యూటర్‌కి కబురు పంపుతుందో చెప్పే లెక్క అది. మామూలు కీబోర్డు 125 సార్లు, అంటే 8 మిల్లీసెకన్లకోసారి. గేమింగ్‌వి 1,000 సార్లు, అంటే 1 మిల్లీసెకనుకోసారి. ఆపైన ఎంత పెంచినా మిగిలేది 1 మిల్లీసెకను లోపే. కంటికి శత్రువు కనపడి వేలు కదలడానికే మనిషికి 200 మిల్లీసెకన్ల పైన పడుతుంది. గేమ్ సర్వర్‌కి కబురు వెళ్ళి రావడానికి పట్టే టైము ఇంకా వేరే ఉంది. కాబట్టి 1,000 చాలు.

ఇంకోటి, అయస్కాంతంతో పనిచేసే ‘హాల్ ఎఫెక్ట్’ స్విచ్‌లు. వేలు కొద్దిగా ఎత్తగానే కీ వదిలినట్టు గుర్తిస్తాయి. నిజంగానే వేగం. అయితే వాటితో వచ్చే కొన్ని ఆటోమేటిక్ సదుపాయాల్ని 2024 ఆగస్టులో కౌంటర్ స్ట్రైక్ 2 అధికారిక సర్వర్లలో వాల్వ్ కంపెనీ నిషేధించింది. పోటీలో ఆడేవాళ్ళు ముందు నియమాలు చదువుకుని కొనడం మంచిది. 

పోటీ సంగతి అడుగుతారేమో. మావాడి జట్టు మొదటి మ్యాచ్ గెలిచింది, రెండోది ఓడింది. అవతలివాళ్ళు ఏడాదిగా కలిసి ఆడుతున్నారట. కీబోర్డు మన వేలు చెప్పిన మాట తప్పకుండా చేరవేస్తుంది, అంతే. ఏం చెప్పాలో వేలికి నేర్పాల్సింది సాధనే. వాడు ఎగరాలనుకున్న ప్రతిసారీ ఎగిరాడు. 2,300కి అడిగింది అదే. బాబాయి నిద్ర కూడా చెడలేదు. 

సముద్రం పక్కన కీబోర్డు

విశాఖవాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. మన కిటికీ గ్రిల్స్‌ని తినేసే ఉప్పుగాలే స్విచ్‌లోని లోహపు రేకుల మీద కూడా పనిచేస్తుంది. పోర్టు వైపు ఉండేవాళ్ళకి నల్లటి దుమ్ము అదనం. ఒకసారి నొక్కితే అక్షరం రెండుసార్లు పడుతోందంటే ఆ రేకులు పాడవుతున్నాయని అనుమానించాలి. హాట్ స్వాప్ ఉంటే పాడైన స్విచ్ ఒక్కటే పీకి, కొత్తది గుచ్చుకోవచ్చు. లేకపోతే టంకం వెయ్యాలి, లేదా కీబోర్డే మార్చాలి. మన ఊళ్ళో దీనికోసం రెండొందలు ఎక్కువ పెట్టినా నష్టం లేదు. కొనేటప్పుడే నాలుగైదు విడి స్విచ్‌లు ఉన్నాయేమో పెట్టెలో చూసుకోండి. 

బీచ్ వైపు కిటికీ పక్కన కీబోర్డు పెట్టకండి. పని అయిపోగానే గుడ్డ కప్పండి. డీటీపీ సెంటర్లలో ప్లాస్టిక్ కవరు కప్పేది ఊరికే కాదు. రెండు నెలలకోసారి కీక్యాప్‌లు పీకి, సబ్బు నీళ్ళలో కడిగి, ఒక రోజంతా నీడలో ఆరబెట్టండి. పీకే ముందు ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి, ఏ కీ ఎక్కడిదో తర్వాత తడుముకోనక్కర్లేదు. కీబోర్డుకి మాత్రం నీళ్ళు తగలనివ్వకండి, మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపితే చాలు. ఇంతపాటి శ్రద్ధ పెడితే రెండున్నర వేల కీబోర్డు ఇంజినీరింగ్ అయ్యేదాకా కాదు, ఉద్యోగంలో చేరాక కూడా మీ టేబుల్ మీదే ఉంటుంది.