క్యూబా చుట్టకు నల్లపట్టీ కడితే

పోయిన సంక్రాంతికి మా మేనబావ డాలస్ నుంచి వచ్చాడు. కనుమ నాటి రాత్రి భోజనాలయ్యాక నన్ను డాబా మీదికి పిలిచి, గాజుమూత ఉన్న చెక్కపెట్టె ఒకటి నా ముందు పెట్టాడు. లోపల ఇరవై అయిదు సిగార్లు. ఒక్కోదానికి రెండేసి కాగితపు పట్టీలు. పైది కొహీబా అనే క్యూబా బ్రాండు పట్టీ. దాని కింద నలుపూ బంగారు రంగుల్లో ఇంకొకటి, దాని మీద 2017 అని అంకె. మెక్సికోలో కాన్‌కూన్ బీచికి వెళితే అక్కడెవడో "మా తమ్ముడు హవానా ఫ్యాక్టరీలో పనిచేస్తాడు" అని చెప్పి నూట యాభై డాలర్లకి ఇచ్చాడట.

"లిమిటెడ్ ఎడిషన్ రా. బయట వేలల్లో పలుకుతుంది" అన్నాడు.

"బావా, క్యూబావాళ్ళు గాజుమూత పెట్టెల్లో సిగార్లు అమ్మరు" అన్నాను.

ఆయన మొహం చూస్తే ఆ మాట కాసేపు ఆగి అనాల్సింది అనిపించింది. మాది ప్రకాశం జిల్లా. ఆకు కాల్చే బ్యారన్ల సెగలో, పొగాకు మండెల వాసనలో పెరిగాను. సిగార్లు నేను తాగింది తక్కువ, వాటి గురించి చదివిందీ అడిగి తెలుసుకున్నదీ ఎక్కువ. నకిలీ సంగతి అలా ఉంచండి. నిఖార్సయిన సరుకే అయినా ఆ నల్లపట్టీకి అంత డబ్బు పోయొచ్చా అన్నది ఆ రాత్రి మా ఇద్దరి మధ్యా చాలాసేపు నడిచిన వాదన. మా బావ నోటివెంట వచ్చిన అపోహల్లో చాలావరకు అందరి నోటా వినిపించేవే.

అపోహ: లిమిటెడ్ అన్నారంటే కొన్నే చేశారని

క్యూబా సిగార్లను ప్రపంచమంతా అమ్మే సంస్థ హబానోస్. 1994లో పుట్టింది, అందులో సగం వాటా క్యూబా ప్రభుత్వానిది. 'ఎడిసియోన్ లిమితాదా' పేరుతో ఏటా కొన్ని ప్రత్యేక సిగార్లు తేవడం 2000లో మొదలుపెట్టింది. మామూలుగా ఆ బ్రాండులో దొరకని కొలత, ముదురు రంగు పైఆకు, కింద నల్లపట్టీ, ఇవీ దాని గుర్తులు.

అయితే 'పరిమితం' అన్న మాటకి లెక్క ఏమిటి? ఎడిసియోన్ లిమితాదా పెట్టెల మీద "ఇన్నిట్లో ఇది ఇన్నోది" అని వరుస సంఖ్య ఉండదు. అలా సంఖ్య వేసేవి వేరే ఉన్నాయి. రిసర్వా, గ్రాన్ రిసర్వా అనే రకాలను అయిదేసి వేల పెట్టెలకు నంబర్లు వేసి తెస్తారు. 2006లో కొహీబా నలభయ్యో ఏటికి చేసిన మొదటి బెహీకే అనే సిగారు అయితే వంద పెట్టెలు, పెట్టెకి నలభై, మొత్తం నాలుగు వేల సిగార్లు. అదీ పరిమితం అంటే. నల్లపట్టీ సిగార్లకు అలాంటి గ్యారంటీ లేదు.

పైగా 'మళ్ళీ రాదు' అన్నవి మళ్ళీ వచ్చాయి. పార్తగాస్ సెరీ డి నంబర్ 3 నల్లపట్టీతో 2001లో వచ్చింది, 2006లో మరోసారి వచ్చింది. కొహీబా పిరామిదెస్‌దీ అదే కథ. హెచ్. ఉప్‌మన్ మాగ్నమ్ 50ని 2005లో లిమిటెడ్‌గా అమ్మారు, 2008 కల్లా అది మామూలు సరుకు అయిపోయింది. పార్తగాస్ సెరీ డి నంబర్ 5 కూడా 2008లో నల్లపట్టీతో వచ్చి, 2011 నుంచి పట్టీ లేకుండా రోజువారీ అమ్మకంలోకి దిగింది. మొదట ఎగబడి కొన్నవాళ్ళకు ఎలా ఉండి ఉంటుందో మీరే అనుకోండి. కాస్త ఆగినవాడికి అదే కొలత, అదే పేరు మామూలు ధరకి దొరికింది.

అపోహ: రెండేళ్ళు మాగబెట్టిన ఆకు కాబట్టి ఆ ధర న్యాయమే

ఇందులో సగం నిజం ఉంది, కాబట్టి కాస్త నిదానంగా చూడాలి.

మా వైపు వర్జీనియా పొగాకును అక్టోబరు, నవంబరుల్లో నాటి, కింది నుంచి రెండు మూడు ఆకుల చొప్పున రెలుస్తూ పైకి పోతారు. క్యూబా పడమటి కొసన పినార్ దెల్ రియోలో, వుయెల్తా అబాహో చేలల్లోనూ ఇంచుమించు ఇదే కాలం, ఇదే వరస. తేడా అంతా ఆ తర్వాతే. మన బ్యారనులో కట్టెలు మండించి వారం లోపే ఆకును పసుపు మీద ఆపేస్తాం. అక్కడ సిగారు ఆకును జతలుగా కుట్టి, కర్రలకు వేలాడదీసి, గాలికే వదిలేస్తారు. యాభై రోజుల దాకా పడుతుంది. ఆకు తన చక్కెరను తానే తినేసి గోధుమరంగుకు తిరుగుతుంది. తర్వాత మండె కడతారు. లోపల వేడి పుడుతుంది, అమోనియా వాసన గుప్పుమంటుంది. విప్పి, తిరగేసి, మళ్ళీ కడతారు. ఆఖరికి పైఆకును రాజతాళం చెట్టు పట్టలో చుట్టి మూటకట్టి గోదాములో పడేస్తారు. ఎదురు చూడడం అక్కణ్ణుంచి మొదలు.

సిగారు పైఆకును 'కాపా' అంటారు. దాన్ని పల్చటి గుడ్డపందిరి కింద నీడలో పెంచుతారు. మామూలు సిగారుకైతే ఆ ఆకు ఆరు నెలలు మాగినా చాలు. నల్లపట్టీ సిగారుకు మొక్క పైభాగపు మందపాటి ఆకు తీసుకుని కనీసం రెండేళ్ళు ఉంచుతారు. 2007 నుంచి లోపలి ఆకులన్నిటికీ రెండేళ్ళ నియమం పెట్టారు.

వినడానికి బాగుంది. అయితే లోపలి ఆకుల్లో ఘాటంతా ఇచ్చేది 'లిహేరో', మొక్క మీద పైవరస ఆకు. దాన్ని మామూలు సిగార్లకు కూడా రెండేళ్ళకు తక్కువ కాకుండా మాగబెడతారు. తేలికపాటి వొలాదో, వాసననిచ్చే సెకో మాత్రమే తక్కువ కాలం ఉంటాయి. అంటే నల్లపట్టీకి మీరు అదనంగా కడుతున్నది ప్రధానంగా పైఆకు ఏడాదిన్నర అదనపు నిద్రకి, మిగతా రెండు ఆకుల కొద్ది నెలల ఓపికకి. దానికి విలువ లేదని అనను. గోదాములో సరుకు నిలిస్తే వడ్డీ ఎంతవుతుందో పొగాకు రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. ధర రెట్టింపయ్యేంత విలువ మాత్రం కాదు.

ఇంకో మెలిక. ఆకు పాతదైనంత మాత్రాన సిగారు పాతదైపోదు. చుట్టేముందు ఆకును తడి చేస్తారు. దాంతో లోపల పులియడం మళ్ళీ కదులుతుంది. కొత్తగా వచ్చిన నల్లపట్టీ సిగారు వెలిగిస్తే తరచూ నాలుక మీద చురుకు, వెనకాల సన్నటి అమోనియా. మూడు నాలుగేళ్ళు పెట్టెలో ఉంటే గానీ దారికి రాదు. ఆ నిరీక్షణ కొన్నవాడి ఖర్చే, సంస్థది కాదు.

రంగు ముదురైతే ఘాటెక్కువ అనుకోవడమూ ఇక్కడే తేలిపోతుంది. పైఆకు సిగారు బరువులో చిన్న వంతు. నల్లగా నిగనిగలాడే ఆకు కాస్త తీపిని, కోకో లాంటి వాసనను ఇస్తుంది. ఘాటును తేల్చేది లోపల లిహేరో ఎంత పడిందన్నదే.

అపోహ: ధర పెరిగిందంటే సరుకు బాగుపడిందని

2022లో హబానోస్ కొహీబా, ట్రినిడాడ్ బ్రాండ్ల ధరలను ప్రపంచమంతటా హాంకాంగ్ ధరల స్థాయికి సమం చేసింది. కొన్ని దేశాల్లో రాత్రికి రాత్రి రెట్టింపు దాటాయి. ఆకు మారలేదు, చుట్టే చేతులు మారలేదు, కొనే జేబు మారింది. చైనాలో కొత్త సంపన్నుల గిరాకీ అప్పటికే పెద్దదయింది. అదే ఏడాది సెప్టెంబరులో ఇయన్ తుఫాను పినార్ దెల్ రియో మీద పడి వేల సంఖ్యలో ఆరబెట్టే కొట్టాలను నేలమట్టం చేసింది. సరుకు తగ్గింది, సంస్థ రాబడి మాత్రం పెరిగింది. 2022లో 54.5 కోట్ల డాలర్లున్న అమ్మకాలు 2023లో 72.1 కోట్లకు చేరాయి. తుఫానులో కొట్టం పోగొట్టుకున్న రైతుకు ఇందులో ఎంత చేరిందో గానీ, నల్లపట్టీ కొనేవాడు కట్టిన తేడా ఎక్కడికి పోయిందో ఆ అంకెలు చెబుతాయి.

మరి ఖరీదైనది నిజంగానే బాగుందనిపిస్తుందే అంటారా? అనిపిస్తుంది. 2008లో అమెరికాలో కాల్‌టెక్, స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఒకే వైన్‌ను రెండు ధరలు చెప్పి తాగించి, తాగేవాళ్ళ మెదడును స్కాన్ చేశారు. ధర ఎక్కువ చెప్పినప్పుడు బాగుందనడమే కాదు, మెదడులో ఆనందం నమోదయ్యే చోటు కూడా ఎక్కువ వెలిగింది. సిగారు మీద అలా ఎవరైనా చేశారని కాదు. నల్లపట్టీ పని కూడా అలాంటిదే అని నా అనుమానం. నమ్మకం కుదరకపోతే పట్టీలు తీసేసి, పార్తగాస్ సెరీ డి నంబర్ 4 ఒకటి, అదే బ్రాండు నల్లపట్టీది ఒకటి స్నేహితుడి చేత ఇప్పించుకుని చూడండి.

అన్నీ చేత్తో చుట్టినవే కాబట్టి అన్నీ ఒకేలా ఉంటాయన్న భ్రమా వద్దు. తొంభైల చివర గిరాకీ కోసం ఉత్పత్తిని ఎడాపెడా పెంచినప్పుడు పొగ రాని సిగార్లు కుప్పలుగా బయటికొచ్చాయి. ఆ తర్వాతే, పైఆకు చుట్టకముందే గాలి ఆడుతోందో లేదో చూసే యంత్రాలు ఫ్యాక్టరీల్లోకి వచ్చాయి. ఇప్పుడు చాలా నయం. అయినా పెట్టెకి ఒకటో రెండో బిగిసిపోయినవి తగిలితే ఆశ్చర్యపోనక్కర్లేదు, పట్టీ ఏ రంగుదైనా.

అపోహ: కొని దాచుకుంటే బంగారమే

కొహీబా సుబ్లిమెస్ 2004, కొహీబా 1966 లాంటి కొన్నిటికి వేలంలో మంచి ధర పలికిన మాట వాస్తవం. లాటరీ తగిలినవాడి ఫొటో ఒక్కటే పేపర్లో పడుతుంది. మిగతావి అమ్మాలంటే ముందు కొనేవాడు అడిగేది, ఇన్నేళ్ళూ ఎక్కడ ఉంచావు అని. తేమ 65 నుంచి 70 శాతం, చల్లదనం 18 డిగ్రీల దగ్గర ఏడాది పొడుగునా నిలబెట్టాలి. వేడి 24 డిగ్రీలు దాటితే ఆకులో కంటికి కనపడకుండా ఉన్న గుడ్లు పగిలి, నువ్వుగింజంత గోధుమరంగు పురుగు బయటికి వస్తుంది. మన పొగాకు గోదాముల్లోనూ అదే పురుగు. హైదరాబాదు మే నెలలో రెండు రోజులు కరెంటు పోతే చాలు, సిగారుకు సూదితో పొడిచినట్టు గుండ్రటి బెజ్జాలు పడతాయి. మీ పెట్టుబడిని ఆ పురుగు రుచి చూసిందన్నమాట.

చిన్నాచితకా అపోహలు ఇంకొన్ని. హవానాలో కన్నెపిల్లలు తొడల మీద పెట్టి చుడతారన్నది ఎవడో ఊహాశాలి కల్పన. బల్లలు, చెక్క, అర్ధచంద్రాకారపు కత్తి, ఇవీ అక్కడి పనిముట్లు. ముందు ఎత్తు మీద కూచుని పేపరూ నవలా చదివి వినిపించే మనిషి మాత్రం నిజం, ఆ సంప్రదాయం 1865 నాటిది. అమెరికా అధ్యక్షుడు కెనెడీ 1962లో క్యూబా మీద ఆంక్షల కాగితం మీద సంతకం పెట్టేముందు పత్రికా కార్యదర్శి చేత పన్నెండు వందల ఉప్‌మన్‌లు తెప్పించుకున్నాడన్న కథ ఆ కార్యదర్శి పియర్ శాలింజరే చెప్పాడు. ఆ ఆంక్షలు ఇంకా పోలేదు. అమెరికా దుకాణంలో దొరికే కొహీబా క్యూబాది కాదు, పేరొక్కటే ఒకటి. ప్రయాణికులు క్యూబా సిగార్లను సామానులో తెచ్చుకోవడాన్నీ 2020 సెప్టెంబరు నుంచి ఆపేశారు. డాలస్‌లో ఉండే మా బావకు ఇది తెలియదు.

అపోహ: పొగ మింగరు కాబట్టి హాని లేదు

దీన్ని మాత్రం సరదాగా తీసుకోలేను. బ్యారనులో కాల్చిన వర్జీనియా ఆకు పొగ కొంచెం పులుపు స్వభావం, అందుకే సిగరెట్టు తాగేవాడు గుండెల్లోకి లాగితే గానీ నికోటిన్ అందదు. గాలికి ఆరిన సిగారు ఆకు పొగది క్షారగుణం. నోట్లో ఉంచుకున్నా బుగ్గల్లోంచి రక్తంలోకి దిగిపోతుంది. లావుపాటి సిగారు ఒక్కదాంట్లో ఒక సిగరెట్టు పెట్టెకు సరిపడా పొగాకు ఉంటుంది. నోరు, గొంతు, అన్నవాహికలకు వచ్చే క్యాన్సర్లకు ధరతో పనిలేదు. ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ళకు అంగిట్లో క్యాన్సర్ రావడం మన డాక్టర్లు ఎప్పటినుంచో చూస్తున్నదే. అక్కడా ఎవరూ పొగ మింగే ఉద్దేశంతో తాగరు.

ఇంత చెప్పాక కూడా కొనాలనిపిస్తే, నా మాట ఇది. కొత్తగా వచ్చిన నల్లపట్టీ పెట్టె జోలికి పోవద్దు. సరయిన దుకాణంలో ఒక్కటి కొని చూడండి, ఆ డబ్బుకి మామూలు రకాలు రెండు మూడు వస్తాయని తెలిసే కొనండి. పెట్టే కావాలంటే నాలుగైదేళ్ళ పాతది, ఎక్కడ ఉంచారో తెలిసినది చూడండి. అప్పుడు మీరు కట్టేది జరిగిపోయిన కాలానికి, ప్రకటనకు కాదు. పెట్టె బోర్లించి చూస్తే అడుగున కాల్చి వేసిన 'హెచో ఎన్ కూబా' ముద్ర, దాని పక్కన సిరాతో ఫ్యాక్టరీ సంకేతం, నెల, ఏడు ఉండాలి. పెట్టెకు అంటించిన ఆకుపచ్చ హామీపట్టీ మీద హోలోగ్రామ్, బార్‌కోడ్ ఉండాలి. ఆ సంఖ్యను హబానోస్ సైటులో కొట్టి చూడొచ్చు.

మా బావ పెట్టెను ఆ రాత్రే సెల్‌ఫోను వెలుతురులో బోర్లించాం. అడుగున ఏమీ లేదు, నున్నటి వార్నిష్ తప్ప. కొహీబా పట్టీ మీది తెల్లచుక్కల వరుస అంచు దగ్గర సగానికి తెగింది. ఒకటి చాకుతో నిలువునా కోస్తే లోపల పొడవాటి ఆకులకు బదులు తుక్కు రాలింది.

"పోనీలేరా, పెట్టె బావుంది" అన్నాడు కాసేపటికి.

ఇప్పుడది అత్తయ్య దగ్గరుంది. వార్నిష్ వాసన పోవడానికి వారం రోజులు ఎండలో పెట్టి, వక్కపొడి డబ్బీ, సున్నం కాయ, పోకచెక్కలు కత్తిరించే అడకత్తెర అందులో సర్దుకుంది. గాజుమూత కాబట్టి దేనికీ వెతుక్కోనక్కర్లేదట.