కొత్వాలుగారి నిజమైన సన్మానము

ఉప్పలులోగాని నాచారములోగాని పోలీసు ఉద్యోగి యొకరు పదవీవిరమణ మొందిననాడు శాలువ కప్పి, పూలమాల వేసి, నాలుగు మంచిమాటలు పలుకుట పరిపాటి. గృహిణులమగు మన ప్రశ్న వేఱు. ఆయన యున్నన్నాళ్లు మన బిడ్డ నిర్భయముగా బడికి బోయి వచ్చెనా? ఉద్యోగి సేవకు నిదియే సరియైన కొలబద్ద. ఆ కొలతకు నిలిచిన పెద్ద యొకరు మన హైదరాబాదున నుండిరి. వారు రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డిగారు.

వారు 1869లో వనపర్తి సంస్థానపు రాయణిపేటలో జన్మించిరి. యౌవనారంభముననే అమీనుగా నిజాము పోలీసు కొలువున జేరి, మెట్టుమెట్టుగా నెదిగి, 1920లో నగర కొత్వాలైరి. 1934 వఱకు, పదునాలుగేండ్లు, ఆ భారము వహించిరి. అమెరికాలో షెరీఫును సాధారణముగా ప్రజలే యెన్నుకొందురు. ఇచ్చట కొత్వాలును ప్రభువే నియమించెడివాడు. ప్రజలకు సమాధానము చెప్పవలసిన నిర్బంధము లేదు. సభ జరుపుటకును ముందనుమతి కావలసిన కాలమది. ఆ నిరంకుశ ప్రభుత్వమునకు వారు సేవకులే యనుట మఱువరాదు. అయినను, ఆ పదవివలన గలిగిన పలుకుబడిని వారు దేనికి వినియోగించిరో చూడుడు.

పల్లెలనుండి చదువునకై నగరమునకు వచ్చు పిల్లలకు నిలువ నీడ లేకుండెను. 1918లో రెడ్డి హాస్టలు వెలసినది వారి కృషివలననే. ఆ రాజ్యమున నున్నతవిద్య యుర్దూలో సాగుచుండగా, తెలుగు బాలికకు దల్లిభాషలో జదువు దుర్లభమయ్యెను. 1928లో మాడపాటి హనుమంతరావుగారు నారాయణగూడలో దెలుగు బాలికల పాఠశాలను నెలకొల్పినప్పుడు కొత్వాలుగారు దానికి దోడునిలిచిరి. సోదరులారా యని పిలుచు సభలే కాని సోదరీమణులారా యని పిలుచు సభలు అరుదైన నాడు, నగరరక్షకుడే వెనుక నిలిచిన బడికి బిడ్డను బంపుటకు దల్లిదండ్రుల సంకోచము కొంతయైన సడలకుండునా?

పదవి వీడిన పిమ్మట నిజాము వారిని దన సొంత భూముల శాఖయగు సర్ఫెఖాసున బ్రత్యేకాధికారిగా నియమించెను. 1953లో వారు పరమపదించిరి. మఱుసటి యేడు, 1954లో, నారాయణగూడలో వారి పేర మహిళా కళాశాల వెలసెను. హిమాయత్‌సాగరమునొద్ద తెలంగాణ పోలీసులు శిక్షణ పొందు అకాడమీకిని వారి పేరే. ఒక పోలీసు ఉద్యోగి పేర నాడుపిల్లల కళాశాల యుండుట యెంత యరుదు! శాలువకంటె నిదియే గొప్ప సన్మానము.

కాలము మాఱినది. 2014లో నగరమున స్త్రీరక్షణకై షీ టీములు ఏర్పడినవి. 2016లో రాచకొండ కమిషనరేటు నెలకొల్పగా ఉప్పలు, నాచారము ఠాణాలు దానిలో జేరినవి. నాడు ఠాణా మెట్టెక్కుటకు జంకిన స్త్రీ నేడు ఫిర్యాదు చేయగలదు. అయినను ఆ జంకు పూర్తిగా బోయినదని చెప్పగలమా? చట్టము దారి చూపును; ఆ దారిని నడచు ధైర్యము ఠాణాలోని మనిషి మంచితనమువలన గలుగును.

కావున సోదరీమణులారా! మీ పేటలో విరమించు ఉద్యోగికి సన్మానము జరిగిననాడు మీరును బొండు. ఆయన మీ బిడ్డల కేమి మేలు చేసెనో సభలో నిలిచి చెప్పుడు. మంచి చేసినవానికి అది తృప్తి. ఆ కుర్చీలో రాబోవువానికి అది హెచ్చరిక.