ఉక్కులో ఉదజని సంచారము

మన జిల్లా సరిహద్దునగల పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ శ్రీహరికోట యున్నది. 2023 జూలై 14వ తేదీన చంద్రయాన్-3 బయలుదేరినది అచటినుండియే. దానిని మోసిన రాకెట్టు పై అంచెలోని ఇంధనము ద్రవరూపమున నున్న ఉదజని, అనగా హైడ్రోజను. ఈ వాయువుతో పనిచేయువారికి ఒక చిక్కు కలదు. గట్టి ఉక్కులోనికి సైతము అది చొరబడును.

ఎట్లు చొరబడును? ఉదజని అణువులో రెండు పరమాణువులు జంటగా నుండును. లోహపు ఉపరితలమున ఆ జంట విడిపోవును. మిక్కిలి చిన్నది గనుక, ఒక్కొక్కటియు ఇనుప పరమాణువుల నడిమి సందులలో ఒకదానినుండి మరియొకదానికి గెంతుచు పోవును.

తుప్పుపట్టని ఉక్కులన్నియు నొక్కటి కావు. మన యింటి స్టీలు పాత్రలలో పెక్కింటియందు పరమాణువులు చిక్కని నేతవలె ఒత్తుగా నమరియుండును. అందు ఉదజని నడక మిక్కిలి మందము. యంత్రములకై గట్టిపరచిన ఉక్కులలో పెక్కింటియందు ఆ నేత కొంత పలుచన. అందు నడక వేలరెట్లు వేగము. అయినను దారి పొడవునను వలలున్నవి. పరమాణువుల వరుస తప్పినచోట, రేణువుల సరిహద్దులలో, ఉదజని చిక్కుకొని నిలిచిపోవును. వేడి తగిలినచో విడివడి మరల కదలును.

ఇందువలన హాని యేమి? బిగించిన మరమేకు లాగబడునపుడు, ఏ చిన్న బీటయొద్దనో సందులు వెడల్పగును. ఉదజని అచటికి చేరి ఉక్కును పెళుసుచేయును. నేడు బాగుగా నిలిచిన మేకు కొన్ని దినములకు హఠాత్తుగా విరుగవచ్చును. ఉక్కు బలము హెచ్చినకొలది ఈ భయము హెచ్చును.

ఆమ్లములో ముంచిన ఇనుము పెళుసగుననియు, కొంతకాలమునకు మరల కోలుకొనుననియు ఇంగ్లండునందలి జాన్సను 1875లోనే ప్రకటించెను. అందుచేతనే గట్టి మేకులకు విద్యుత్తుతో పూత పూసిన వెంటనే, సుమారు 200 డిగ్రీల వేడిలో కొన్ని గంటలుంచి, లోని ఉదజనిని వెడలగొట్టుదురు. కాని బీట యొకసారి పడినచో ఏ వేడియు దానిని అతుకజాలదు.

మన పిల్లలలో పలువురు రేపు కర్మాగారములలో పనిచేయబోవువారే. తుప్పు వదలించుటకు గట్టి మరమేకును ఆమ్లములో నానవేసి, తళతళలాడుచున్నదిగదా యని బరువునకు బిగింపకుడు. మెరుపు పైది; బలము లోనిది.