పొగ వారిది... లెక్క మన ఒంట్లో!

"ఇంట్లో ఎవరైనా సిగరెట్టు తాగుతారా?" అని అడిగితే మీరేం చెబుతారు? "మావారు తాగుతారు గానీ ఇంట్లో కాదండీ, బాల్కనీలోనే" అంటారు, అవునా? పోయినేడు చలికాలంలో మా చిన్నాడికి ఆయాసం వచ్చి, గుండెల్లో పిల్లికూతలు మొదలైనప్పుడు డాక్టరుగారు ఇదే ప్రశ్న వేశారు. నేనూ అచ్చం అలాగే చెప్పాను. "ఆ టైములో బాల్కనీ తలుపు వేసి ఉంటుందా, తీసి ఉంటుందా?" అన్నారాయన. నాకు నోట మాట రాలేదు. తీసే ఉంటుంది మరి!

బియ్యం గిద్ద తేడా రాకుండా కొలిచి పోస్తాం. పాల లెక్క క్యాలెండరు మీద రాసుకుంటాం. ఇంట్లో పీల్చే పొగను మాత్రం ఎప్పుడైనా లెక్కేశామా? అదెలా కుదురుతుందంటారేమో, భేషుగ్గా కుదురుతుంది.

ఎలా కొలుస్తారు?

పక్కవాళ్లు వదిలిన పొగ పీల్చినా అందులోని నికొటిన్ మన రక్తంలో చేరుతుంది. అది రెండు మూడు గంటల్లోనే సగానికి తగ్గిపోతుంది. అయితే మన కాలేయం దాన్ని 'కొటినిన్' అనే పదార్థంగా మారుస్తుంది. ఇది సగం కావడానికి మాత్రం 16 నుంచి 20 గంటలు పడుతుంది. అందుకే ఉమ్మిలోనో, మూత్రంలోనో, రక్తంలోనో కొటినిన్‌ను కొలిస్తే గడిచిన రెండు మూడు రోజుల్లో పీల్చిన పొగ సంగతి బయటపడుతుంది. పాలు తాగే పసివాళ్లలోనూ ఇది కనిపిస్తుంది.

వంకాయ, టమాటాల్లోనూ కాస్త నికొటిన్ ఉంటుందట! కంగారు పడకండి, అది లెక్కలోకి రానంత తక్కువ. కిళ్లీలో జర్దా వేసుకునేవారికి మాత్రం ఈ పరీక్షతో పొగ లెక్క తేలదు. నికొటిన్ జర్దా నుంచే వచ్చేస్తుంది కదా!

ఇంకో చిత్రం వినండి. మన జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. కుదుళ్ల దగ్గర చిన్న పాయ కత్తిరించి అందులో నికొటిన్ కొలిస్తే కొన్ని నెలల లెక్క తెలిసిపోతుంది.

గాలిని కొలిచే పద్ధతులూ ఉన్నాయి. నికొటిన్‌ను పట్టుకునే చిన్న బ్యాడ్జీని గదిలో వారంపాటు వేలాడదీసి, తర్వాత పరీక్షిస్తారు. సన్నని ధూళిని లెక్కించే యంత్రాలూ ఉన్నాయి గానీ, వాటికి పోపు పొగా, అగరొత్తుల పొగా, సిగరెట్టు పొగా ఒకటే!

ఎందుకీ లెక్కలు?

జపాన్‌లో తకేషి హిరయామా అనే పరిశోధకుడు పొగ తాగని 91,540 మంది గృహిణులను 14 ఏళ్లపాటు గమనించి, 1981లో ఫలితాలు ప్రకటించారు. భర్త తాగే సిగరెట్లు పెరిగేకొద్దీ భార్యకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరిగింది. రోజుకు 20, అంతకు మించి తాగేవారి భార్యల్లో అది దాదాపు రెట్టింపు! తర్వాత వచ్చిన పరిశోధనలూ ఆ ముప్పు నిజమేనన్నాయి. పిల్లలకైతే ఉబ్బసం ఎక్కువవడం, చెవిపోటు, న్యుమోనియా.

మన దేశంలో 2016-17లో జరిగిన సర్వేలో పెద్దవాళ్లలో 38.7 శాతం మంది ఇంట్లోనే ఈ పొగ పీలుస్తున్నారని తేలింది. బహిరంగ స్థలాల్లో పొగ తాగకూడదన్న నిబంధనలు 2008 అక్టోబరు 2 నుంచి అమల్లో ఉన్నాయి. కానీ మన గడప లోపలికి ఆ చట్టం రాదు. ఇక్కడ చూసుకోవాల్సింది మనమే.

మీరూ లెక్కేయండి

మనమంతా రక్తపరీక్షలకు పరిగెత్తక్కర్లేదు. ఒక నోటుపుస్తకం చాలు. వారం రోజులు ఇవి రాయండి:

* రోజుకు ఎన్ని సిగరెట్లు, ఎక్కడ కూర్చుని?
* తలుపులు, కిటికీలు తీసి ఉన్నాయా?
* ఆ సమయంలో పిల్లలు, పెద్దవాళ్లు, గర్భిణులు ఎవరైనా దగ్గర ఉన్నారా?
* పిల్లల దగ్గు, ఆయాసం ఏ రోజు ఎక్కువైంది?

ఫ్యాను వేస్తే, కిటికీ తీస్తే పొగ పోతుందనుకోకండి. కాస్త పలచబడుతుందేమో గానీ పూర్తిగా పోదు. ఇంట్లో, కారులో అసలు వెలిగించకపోవడమే మందు.

నేనూ వారం రాశాను. మొత్తం 41 సిగరెట్లు. అందులో 26 బాల్కనీ తలుపు తీసి ఉండగా! పుస్తకం తీసుకెళ్లి కాఫీతోపాటు మావారి ముందు పెట్టాను. పోట్లాడలేదు, సణగలేదు. ఆయన రెండుసార్లు చదువుకుని, ఏమీ అనకుండా మూసేశారు. మర్నాటి నుంచి కిందికి దిగి వీధి చివరికి వెళ్తున్నారు. నాలుగంతస్తులు దిగి ఎక్కాలి కదా, రోజుకు ఆరు తాగేవారు రెండుకు దిగారు. పూర్తిగా మానడానికి 1800 112 356 నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా ఇస్తారు. ఆ నంబరు కూడా అదే పుస్తకంలో రాసి పెట్టాను.

ఈ చలికాలంలో చిన్నాడికి పిల్లికూతలు రెండుసార్లే వచ్చాయి. పొగ తగ్గినందుకేనని ఒట్టేసి చెప్పలేను. కానీ ఈసారి డాక్టరుగారు ఆ ప్రశ్న అడిగితే, తడుముకోకుండా నిజం చెప్పగలను. మీరో?